కట్టు

ముందు బకెట్లో నానబెట్టాలి పట్టీని.
పొడిగా చుడితే గాజునూగు లేచి
ముంజేతుల్లో దిగి మూడు రోజులు దురద.
ఇది నాకు చెప్పింది హిల్కా,
కాయానీ ఆసుపత్రిలో ముప్పై ఒక్క ఏళ్ళు
విరిగిన ఎముకలకు పిండికట్లు వేసిన మనిషి.

మే నెల మొదటి వారం. సరస్సు మీద మంచు
ఇంకా బూడిదరంగు పలక, అంచుల్లో మాత్రం నీళ్ళు.
షెడ్డులో పాత డాట్సన్ చెక్కదిమ్మెల మీద.
పొగగొట్టాలు విప్పి బల్ల మీద పరిచాం.
నాలుగు పాయలూ ఒకటయ్యే చోట
వేళ్ళతో తడిమి, "మణికట్టు" అంది.

నేను ఇంజను వైపు నుంచి మొదలుపెట్టబోతే
చేతి మీద ఒక్కటేసింది.
"కట్టెప్పుడూ కొస నుంచి గుండె వైపుకి.
వరస మీద సగం వరస. బిగువు ఒకటే ఉండాలి,
నీ కోపం ఎంతున్నా."
తర్వాతెప్పుడో తెలిసింది,
అలా చుడితేనే ప్రతి అంచూ వెనక్కి తిరిగి ఉంటుందని,
చెక్కపెంకుల కప్పులాగా,
ఎదురుగాలికీ కంకరకీ వేలు పెట్టే సందు దొరకదని.
ఆవిడకు కార్ల సంగతి తెలియదు.
చేతుల సంగతి తెలుసు.

వేడిని లోపలే ఉంచితే
పొగ తొందరగా బయటపడుతుందని,
బానెట్ కింద మిగతావాళ్ళు చల్లగా బతుకుతారని చెప్పాను.
"మా ఆయనకి చుట్టి ఉండాల్సింది" అంది, నవ్వకుండా.

మొదటిసారి తాళం తిప్పాం.
ఆవిరి, దాని వెనక తెల్లటి పొగ, మాడిన గంజి వాసన.
పక్కింటి వోయిట్టో మంటలార్పే సిలిండరుతో పరిగెత్తుకొచ్చాడు.
"పచ్చికట్టు ఆరుతోంది, పోయి పడుకో" అంది హిల్కా.

మా కంకర పందేలకో కట్టుబాటుంది.
ప్రతి కారుకీ ఒకటే ధర, రెండు వేల యూరోలు.
పందెం అయ్యాక తోటివాళ్ళు ఎవరడిగినా ఇచ్చేయాలి.
ఇద్దరడిగితే చీటీ. కాదంటే లైసెన్సు పోయినట్టే.
అందుకే ఇక్కడ ఇనుము మీద ఎవరూ
ప్రేమ ఖర్చుపెట్టరు.
మేం పెట్టాం.

మూడో స్థానంలో వచ్చాను. చీట్లు నాలుగు పడ్డాయి.
సోత్కమో పిల్ల రౌహా పేరు తగిలింది,
డబ్బు హెల్మెట్లో పోసి తెచ్చింది.
హిల్కా బానెట్ ఎత్తి ఒక్కటే చెప్పింది:
"ఇది తడి తాగి దాచుకుంటుంది.
ఏటా మంచు కరిగాక ఒకచోట కోసి చూడు."
పిల్ల తలూపింది,
ఇంటికి పోయే రోగులు ఊపినట్టు.

మూడో వసంతం. ట్రెయిలర్ మీద వచ్చింది డాట్సన్,
దగ్గు పట్టిన ఆవులా.
హిల్కా వంటింటి సొరుగులోంచి
పిండికట్లు కోసే పాత కత్తెర తెచ్చింది.
పట్టీ చెక్కుచెదరకుండా ఊడొచ్చింది, పాము లేని కుబుసం.
లోపల గొట్టం
టీలో ముంచిన బిస్కట్.
"పైన పటారం, లోన లొటారం" అన్నాను.
ఆవిడకు నచ్చలేదు.
"కట్టు విప్పితే చెయ్యి సన్నబడే ఉంటుంది. బెదరకూడదు"
అంటూ గోటితో తట్టింది.
మణికట్టు విరిగి అరచేతిలో రాలింది.

అలాగే నిలబడింది కాసేపు.
ముప్పై ఒక్క ఏళ్ళలో ఏ కట్టు కిందా
చూసి ఉండదు ఇలాంటిది.
మాంసం మళ్ళీ నిండుతుంది.
ఇది నిండదు.

"ఎన్ని పందేలు?" అడిగింది చివరికి.
"నలభై ఒకటి."
"గెలిచినవి?"
"ఆరు." పిల్ల తల ఎత్తలేదు. "కోసి చూడలేదు నేను.
అంత అందంగా ఉంటే
కత్తెర పెట్టబుద్ధి కాలేదు."

హిల్కా తుప్పు దులుపుకుంది.
నేను పాత కార్ల గుట్టలోంచి ఇంకో గొట్టం లాగాను.
రౌహా కొత్త పట్టీ చుట్ట విప్పి,
పొడి కొసను చేతికి చుట్టుకోబోయింది.

"ఆగు!" అన్నాం ఇద్దరం.