దగ్గు దగ్గర

ఓడలు బళ్ళవుతాయంటారు.
మా ఓడ కడుపులో నిజంగానే బళ్ళుంటాయి,
అరవై లారీలు, చేపలవీ కలపవీ కాగితానివీ,
గొలుసులతో కట్టేసి.
వాటి నెత్తిన ఐదంతస్తుల పైన
మర్యుత్ హోంకాసాలో పాడుతుంది,
తొమ్మిదిన్నరకు ఒకసారి, పదకొండుకు ఒకసారి.
మధ్యలో బింగో.

నాది బేస్ గిటారు.
ముప్పై ఒక్కేళ్ళుగా ఆమె ఎడమ భుజం వెనక నిలబడ్డాను.
ఆమె వీపు నాకు తెలిసినంత
ముగ్గురు మొగుళ్ళకూ తెలీదు.

"నిమ్మపండు రంగు కోటు" వచ్చిన ఏడాది
హెల్సింకి ఆడపిల్లలంతా అలాంటిదే కుట్టించుకున్నారు.
అట్ట మీద ఆమె, ట్రామ్ స్టాపులో,
ఒక చేతికి గ్లవ్‌సు, రెండోది పళ్ళ మధ్య.
ఆ కోటు ఫోటోగ్రాఫరు పెళ్ళానిది.
సాయంత్రానికి తిరిగిచ్చేశాం.

మొదటి వైపు మూడు పాటలు దేశమంతా పాడింది,
పెళ్ళిళ్ళలో, ఆవిరిగదుల్లో,
ఐస్ హాకీ ఓడిపోయిన రాత్రుల్లో.
నాలుగోది రాసినవాడికే గుర్తులేదు.
రెండో వైపు చిట్టచివర "తలుపు కింద వెలుతురు".
తెల్లవారుజామున మూడింటికి, ఒళ్ళు కాలిపోతుంటే, ఒక్క టేకులో పాడింది.
రెండో చరణం ముందు దగ్గొచ్చింది.
మళ్ళీ తీద్దామంటే స్టూడియో అద్దెకు డబ్బుల్లేవు.
ఉండిపోయింది అలాగే,
అన్నంలో రాయిలా.

తర్వాత? తర్వాతేముంది.
రెండో ఆల్బం మొదటిదాని చెల్లెలు.
మూడోది ఆ చెల్లెలి ఫోటో.
నాలుగోది స్వీడిష్‌లో పాడించారు,
వాళ్ళు మర్యాదగా విన్నారు.
ఐదోదాని పెట్టెలు ఇంకా వాళ్ళన్న గ్యారేజీలో ఉన్నాయి,
వాటి మీద స్కీలు ఆరబెట్టుకుంటాడు.
నలభై ఐదో ఏట శ్రుతి ఒక మెట్టు దించాం.
యాభైలో ఇంకోటి.
నా బేసు తీగలిప్పుడు
తడిగుడ్డలు మోసే దండేల్లా వేలాడుతున్నాయి.

పోయిన నవంబరులో ఒక రాత్రి సముద్రం బాగోలేదు.
టేబుళ్ళ మీద గ్లాసులు వాటంతట అవే నడుస్తున్నాయి.
పట్టుమని పదిమంది లేరు.
ఒక లారీ డ్రైవరు లేచి నిలబడ్డాడు, ఎస్టోనియా మనిషి,
రైవో అని తర్వాత తెలిసింది.
"తలుపు కింద వెలుతురు," అన్నాడు.
కీబోర్డు కుర్రాడు నావైపు చూశాడు,
ఆ పాటప్పటికి వాడు పుట్టలేదు.
సి మైనర్, అన్నాను, వెనకాలే వచ్చెయ్.

ఆమెకి మాటలన్నీ గుర్తున్నాయి.
గొంతు ఎక్కలేని చోట
చెయ్యెత్తి చూపించింది,
ఇక్కడొక మెట్టుండేదని.
రెండో చరణం ముందు ఊపిరి పీలుస్తుంటే
చీకట్లోంచి దగ్గు.
రైవో.
సరిగ్గా అక్కడే. రెండుసార్లు. రెండోది చిన్నగా.

చిన్నప్పుడు తాలిన్‌లో
అవతలి ఒడ్డు రేడియోని దొంగచాటుగా పట్టి
వాళ్ళక్క క్యాసెట్లోకి ఎక్కించిందట.
మా భాష రాదు. అంతా పాటే అనుకున్నాడు,
దగ్గుతో సహా.
పిల్లలకు జోలగా పాడేవాడట, దగ్గి మరీ.
ఇప్పుడు వాళ్ళూ అక్కడ దగ్గుతారట.

మర్యుత్ రెండో చరణం పాడలేదు.
మైకు దూరంగా పట్టుకుని వంగిపోయి నవ్వింది.
ఆ వీపు అలా కదలడం ఇన్నేళ్ళలో చూడలేదు.
ఏడుపేమో.
వెనకనుంచి తెలీదు.

కొత్త ఆల్బం కొంటాడేమోనని చూశాను, పద్దెనిమిది యూరోలు.
కొనలేదు. బింగోలో మాత్రం
అతనికి చాక్లెట్ డబ్బా తగిలింది.

తెల్లారి బళ్ళన్నీ దిగిపోయాక
నాష్టా కూపన్లు పట్టుకుని వరసలో నిలబడ్డాం.
"ఆ రోజు నేను రెండుసార్లు దగ్గానా?" అంది.
"రెండుసార్లే."
"ఒక్కసారే అనుకున్నాను ఇన్నాళ్ళూ,"
అని ప్లేటు అందుకుంది.