విరంగుళా

బోర్డు మీద మరాఠీల ఏదో రాసి ఉంది.
చదువొచ్చిన చంద్రభాగ కూడబలుక్కొని
"విరంగుళా" అన్నది.
మాకు రంగులే ఇనబడ్డయి.
గప్పటి సంది అది రంగుల అర్ర.

ధర్మాబాద్‌ల మిర్చి మార్కెట్ ఎనుక సందు.
గాలి ఇటు తిరిగిన దినం
అందరం తుమ్ముకుంటనే లోపటికొస్తం.
మొన్నటిదాంక ఇది బీడీల గోదాం.
సున్నం ఏసిన్రు గని
గోడ అడుగున తునికాకు వాసన ఇంకా పోలే.
వాన పడ్డప్పుడు లేస్తది,
పేరు పెట్టి పిలిచినట్టు.

ఈ కిటికీ దగ్గరనే ముప్పై ఏండ్లు
చాట పట్టుకొని వరుసల నిలబడ్డ.
ఈడనే టేకేదార్ కట్టలిప్పి
పది ఏరి, ఛాట్ అని పక్కకు ఇసిరేటోడు.
ఇప్పుడు గదే కిటికీ కింద
క్యారం బోర్డు.

నా చూపుడేలు గోరు సగమే ఉన్నది,
బీడీ మూతి మడిచి మడిచి అరిగింది.
దీనికింక ఏం పని చెప్పాలె అని
రెండేండ్లు ఒళ్లో పెట్టుకొని కూసున్న.
ఒకనాడు స్ట్రైకర్ మీద పెట్టిన.
రాణి పోయి మూల పడ్డది.
నవ్విన.
నా నవ్వు నాకే కొత్తగ ఇనబడ్డది,
పక్కింట్ల ఎవరో నవ్వినట్టు.

మంగళారం నర్సు పిల్ల ప్రాజక్తా వస్తది.
ఒంటి కాలు మీద నిలబడుమంటది.
"పడితె తుంటి ఎముక ఇరుగుతది ఆజీ,
పడకుంట నిలబడుడే మందు."
మందంటె గోలి కాదా?
సాయమ్మకు ఇప్పటికీ నమ్మకం లేదు.
ఆ పిల్ల ఏక్, దోన్, తీన్ అంటది.
మరాఠీల మేం బ్యారం చేస్తం, కొట్లాడుతం,
లెక్క మాత్రం తెలుగులనే వస్తది.
మొదటి దినం నాది నాలుగు.
గోడ పట్టుకున్న.
రుక్మవ్వది ఆరు.

రుక్మవ్వ తోని నాకు మాటల్లేవు.
ఆకు తడిపిన గోనెసంచి కాడ లొల్లి,
పదహారేండ్ల కిందిది.
సంచి ఎవరు తీసిన్రో ఆమెకు యాదిలేదట.
నాకున్నది.
ఆమె ఆరు, నేను నాలుగా!
ఇంట్ల దండెం కింద నిలబడి
బియ్యం ఉడికేదాంక
ఒక కాలు లేపి లెక్కవెట్టిన.
కోడలు చూసి
"దేవుడు గిట్ల పూనిండా అత్తా" అన్నది.

వానకాలం పోయేవరకు
పదకొండు. పదిహేడు.
దీపావళి ముంగటి మంగళారం
ఇరవై దాటినంక పిక్క వణికింది.
ఎదురుంగ రుక్మవ్వ, ఆమె గూడ ఒంటి కాలు మీదనే,
పెదవులు ఆడిచ్చుకుంట
నా లెక్కనే లెక్కవెడుతున్నది.
ఇరవై మూడు.
ఇరవై నాలుగు.
ఇరవై ఐదు కాంగనే
ఇద్దరి నోట ఒక్కపారే వచ్చింది:
"కట్ట!"

నర్సు పిల్లకు అర్థం కాలే.
ఇరవై ఐదు బీడీలైతె కట్ట బిడ్డా అని
చంద్రభాగ చెప్పింది.
ఆమె కాయితం మీద
ఇరవై ఐదు సెకండ్లు అని రాసుకున్నది.
రాసుకోనీ.
టేకేదార్ బతికుంటె
ఇండ్ల గూడ రెండు ఛాట్ తీసేటోడు.

జైతున్‌బీ రాక మూడు వారాలాయె.
దగ్గు. పొగాకు దుమ్ము
ముప్పై ఏండ్లకు లెక్క అడుగుతున్నది.
ఆమె చాప మడత ఇప్పకుంట మూలకున్నది,
దాని మీద ఎవ్వరం కూసోలే.
శుక్రారం పొద్దుగూకంగ
బోర్డే ఆమె ఇంటికి తీసుకపోదామనుకున్నం.
బిళ్లలు సాయమ్మ కొంగుల,
పౌడరు డబ్బా చంద్రభాగ చేతుల.
బోర్డు ఒక దిక్కు రుక్మవ్వ నెత్తి మీద,
ఒక దిక్కు నా నెత్తి మీద.
మిర్చి బండ్లోళ్లు ఆగి చూసిన్రు.
చూడనీ.

మోరీ కాడికి వచ్చినంక
ముంగట నడిచేటామె ఆగింది.
ఎనుకకు తిరుగకనే అన్నది:
"గుంతున్నది. పైలం."

పదహారేండ్లకు ఒక మాట.
నేను ఊఁ అన్న.
కాలు లేపిన.