ఇరవై నాలుగు గంటల్లోపు

కాగితం మీద అరెస్టు
శనివారం రాత్రి తొమ్మిదిన్నరకి.
మాలకొండయ్యని మేం జీపెక్కించింది మాత్రం
ఇంకా వెలుతురుండగానే.
ఆ మధ్య గంటలు ఏ రిజిస్టర్లో ఉన్నాయో
రైటర్‌ని అడగండి, నన్నడక్కండి.
నేను ఎస్కార్టు కానిస్టేబుల్ని,
నా పని వాడి చేయి పట్టుకోవడం.

నేరం: పొగాకు బ్యారన్ వెనక
బోరు మోటారు విప్పి రాగితీగ లాగాడని.
దొరికింది నాలుగు కేజీల చిల్లర.
తూచింది చేపల కాటాతో,
పంచనామాలో కాటా అని మాత్రం రాశారు.

ఆదివారమంతా కాగితాలే.
కందుకూరు పెద్దాసుపత్రిలో డ్యూటీ డాక్టరు
చొక్కా ఎత్తమన్నాడు, దించమన్నాడు,
సంతలో ఎద్దు పళ్లు చూసినట్టు చూసి
రిమాండుకి పనికొస్తాడని రాసిచ్చాడు.
పెంచలమ్మకి ఫోన్ చేశాం,
మీ ఆయన మా దగ్గరున్నాడని. చెప్పాలి, చట్టం.
"అన్నం తిన్నాడా?" అంది.
దానికి ఫారంలో గడి లేదు.

ఇంకో ఫారం ఉంది,
అరెస్టు ఎందుకు అవసరమో టిక్కులు పెట్టేది.
పారిపోతాడు, టిక్కు. సాక్షుల్ని బెదిరిస్తాడు, టిక్కు.
పోయిన నెల సైకిల్ దొంగకీ ఇవే,
అంతకుముందు కోడిపందెం వాళ్లకీ ఇవే.
పదకొండేళ్లుగా బ్యారన్ పొయ్యిలోకి
రాత్రంతా కట్టెలు తోసేవాడు
ఎక్కడికి పారిపోతాడో
ఎస్సైగారికీ తెలీదు, జిరాక్సుకీ తెలీదు.

జీపులో రైటర్ తమాషాకి వాడికి నిచ్చెన చూపించాడు.
"ఇక్కడ మేజిస్ట్రేటు, ఆపైన సెషన్సు,
ఆపైన హైకోర్టు, అదీ దాటితే ఢిల్లీ."
మాలకొండయ్య శ్రద్ధగా విని
"అన్నిటికీ బస్సుండాదా సార్?" అన్నాడు.

ఎనిమిదిన్నరకి మేడమ్ గారి క్వార్టర్సు.
ఆదివారం కోర్టంటే వరండానే.
ఒక కుర్చీ, ఒక ట్యూబులైటు, చుట్టూ ఉసుళ్లు,
లోపల కుక్కరు మూడో కూత.
ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చి కూర్చున్నారు.
అంతే, అది కోర్టయిపోయింది.
నేను టోపీ సర్దుకున్నాను.

"కొట్టారా?"
వాడు నా వంక చూశాడు.
"అటు కాదు, నన్ను చూసి చెప్పు."
"లేదమ్మా."
"ఎందుకు పట్టుకున్నారో చెప్పారా?"
"తీగ అని చెప్పారమ్మా."
"ఎన్నింటికి తీసుకొచ్చారు?"

మేం నేర్పింది తొమ్మిదిన్నర.
గడియారం అలవాటున్నవాడైతే అదే అప్పజెప్పేవాడు.
"టైము తెలవదమ్మా. పాలకేంద్రంలో
సాయంత్రం పాలు పోసి
క్యాను కడుక్కుంటా ఉంటే జీపొచ్చింది."

పెన్ను ఆగింది.
ఎస్సైగారు గొంతు సవరించుకున్నారు.
ఆమె వేళ్లమీద లెక్కపెట్టారు,
చిన్నపిల్లలా, ఎవరికీ దాచకుండా.
ఆరు నుంచి ఆరు, మళ్లీ ఆరు. ఆపైన రెండున్నర.
"ఏడేళ్లలోపు శిక్ష పడే కేసు ఇది.
నోటీసు ఇచ్చి పిలవాల్సింది. ఏదీ నోటీసు?"
ఉసుళ్లు ట్యూబులైటుకి కొట్టుకుంటున్నాయి.
రిమాండు ఇవ్వనని ఆమె రాస్తుంటే
పెన్ను నడిచే చప్పుడు గేటుదాకా వినపడింది.

తీగ వాడు తీశాడో లేదో నాకు తెలీదు.
ఆమెకీ తెలీదు.
ఆ రాత్రి ఆమె అడిగింది అది కాదు.

చేయి వదిలేశాను. అరచేతిలో చెమట,
ఎవరిదో.

బాండు మీద వేలిముద్ర వేసి
సిరా లుంగీకి తుడుచుకుని
రోడ్డు మీద నిలబడ్డాడు.
లింగసముద్రం ఆఖరి బస్సు పోయి గంటయింది.
అటూ ఇటూ చూసి నా దగ్గరికే వచ్చాడు.
"పొద్దున బస్సుదాకా
స్టేషన్లో పడుకోవచ్చా సార్?"

దోమలున్నాయని
ఫ్యాను కింద చోటు చూపించాను.
అతను పడుకున్న ఆ గంటలు కూడా
ఏ రిజిస్టర్లోనూ లేవు.