ఎర్తు గుంత

ఆడియో పెట్టెకు ప్రాణముంది, ఎర్ర లైటు వెలుగుతాంది.
ల్యాప్‌టాపే దాన్ని
రేషన్ షాపులో వేలిముద్ర పడనోణ్ని చూసినట్టు
చూస్తాంది.

అనంతపురం సుభాష్ రోడ్డులో
పదకొండు వేలకు కొన్న పాతది.
ఎడమ పక్క మూడు సందుల్లో
ఒకటి వదులు, ఒకటి మొండి.
నీలం రంగుదొక్కటే మాట వింటుంది,
అదీ వయరును కాస్త పైకెత్తి పట్టుకుంటేనే.
కింద అగ్గిపెట్టె దోపినాను.

డ్రైవరు తీసేసినాను, మళ్లా ఎక్కించినాను.
మూడుసార్లు ఆపి మూడుసార్లు లేపినాను.
నాలుగోసారి పలికింది
మాబున్ని టీచరు గొంతు, చిట్టెలుక గొంతై.
ల్యాప్‌టాపులో నలభై నాలుగు, పెట్టెలో నలభై ఎనిమిది.
లెక్క కుదిర్చినాక
ముప్పైరెండేండ్లు ఉరవకొండ బళ్లో
పిల్లోళ్లను అదిలించిన గొంతు
తన బరువుతో తాను వచ్చి కూర్చుంది.

అప్పుడు వినపడింది
ఆ గొంతు కింద ఇంకో గొంతు.
జుమ్మని.
కందిరీగ కాదు. ఫ్యాను కాదు,
ఫ్యాను ఆపి గంటయింది, మా చెమటే సాక్షి.

ఎర్రిస్వామి పది పరీక్షలకు ఇంక పదమూడు రోజులు.
మనం ఏదో చప్పుడులే అని వదిలేసేది
వానికి
పేజీ మీద ఒలికిన సిరా.

చార్జరు పీకితే జుమ్ము పోతుంది.
చార్జరు పీకితే బ్యాటరీ పదకొండు నిమిషాలు.
పాఠం ఇరవై మూడు.
వర్షచ్ఛాయా ప్రాంతం కాడికి వచ్చేసరికి
తెర నల్లబడుతుంది.

షేక్షావలి వచ్చి బోర్డులో టెస్టరు పెట్టి
బోర్డును కాదు, నా మొగం చూసినాడు.
"పెట్టెలో ఏం ల్యా సార్, ల్యాప్‌టాపులో ఏం ల్యా.
మీ ఇంటికి నేల అందల్యా."

ఇంటెనక సిమెంటు మూత ఎత్తితే
ఉప్పు గడ్డకట్టి, బొగ్గు పొడై,
ఇనుప పైపు చుట్టూ వేలు పట్టేంత సందు విడిచి
మన్ను పక్కకు జరిగిపోయింది.
"తడి ఉంటేనే నేల కరెంటును తీసుకుంటాది సార్.
రెండు బిందెలు పొయ్యండి."

రెండు బిందెలు.
ట్యాంకరు వచ్చేది మంగళారం, ఈ పొద్దు ఆదివారం.
ఉండేవి మూడు, అందులో ఒకటి తాగేవి.
సుంకమ్మ బిందెల్ని చూసి, నన్ను చూసి
"మిషనుకా?" అనింది.
"మన్నుకు" అన్నాను.

రికార్డింగు ఆపలేదు,
జుమ్ము ఎప్పుడు తగ్గుతుందో తెలియల్ల కదా.
టీచరు చదువుతానే ఉంది,
హెడ్‌ఫోన్లు సుంకమ్మ చెవులకు,
నేను వెనకాల బిందె వంచి.
మొదటి బిందె యాడికి పోయిందో తెలీదు.
రెండోది సగంలో ఉండగా
కిటికీలోంచి సుంకమ్మ చెయ్యి ఊపింది.
ఆపమనో, పొయ్యమనో
అర్థంగాక
అంతా పోసేసినాను.

జుమ్ము పూర్తిగా పోలేదు,
దూరం పోయింది,
బైపాసు మీద లారీ పోయినట్టు.
షేక్షావలి దుడ్లు తీసుకోలేదు, టీ అడిగినాడు.
టీకి నీళ్లు మూడో బిందెలోవి.

రెండు రోజులకు ఎర్రిస్వామి ఫోను.
"పాఠం బాగుండాది సార్.
పన్నెండో నిమిషం కాడ
టీచరమ్మ వానల్లేని సీమ గురించి చెప్తాంటే
వెనక ఎవురో గటగటా నీళ్లు తాగుతాండారు.
శానా దప్పికైనోళ్లు మాదిరుండారు.
ఎవురు సార్ అది?"

చెప్పేలోపల
ఇంకో చెవిలో హెడ్‌ఫోను,
సన్నగా మళ్లా జుమ్ము.
ఈ పొద్దు మంగళారం.
ట్యాంకరు ఇంకా రాలేదు.