మళ్ళీ ఒకటి రాయాలి

కాశీనగర్ రైలు గేటు దగ్గర
గేటుమేన్ గది స్లాబు మీద
నా వాన కొలిచే గరాటు.
లోపల తక్కెడలాంటి చిన్న దొప్ప,
నిండితే ఒరిగిపోతుంది, టక్.
ఆ మాత్రం కదలికకే ఒక తీగ ఉలిక్కిపడుతుంది.
దాన్ని మోసే ఇనప గొట్టం
దండాసి మంచం పక్కగా నేలలోకి దిగుతుంది.

మొదట రాసిన ప్రోగ్రాం మా మేనత్తలాంటిది.
పడిందా? పడిందా? పడిందా?
సెకనుకి వెయ్యిసార్లు అడిగి
ఎండ కాసిన రోజున కూడా
చీకటి పడేసరికి బ్యాటరీని పీల్చేసింది.

రెండోది నిద్రపోవడం నేర్చుకుంది.
కెర్నెల్లో పది వరుసలే ఉంచాను:
తీగ కదిలితే తలుపు మూసి,
లెక్కలో ఒకటి కలిపి,
నా ప్రోగ్రాంని తట్టి లేపితే చాలు.
మిగతా పెత్తనమంతా బయట, యూజర్‌స్పేస్‌లో.
అక్కడ తప్పటడుగు వేస్తే తను పడుతుంది గాని
ఇల్లు కూలదు.
రీడ్ అని ఒక్క మాట అని
అక్కడే ఆగిపోతుంది,
గేటు గదిలో దండాసిలా:
ఫోను మోగేదాకా గుర్రు,
మోగితే ఒక్క గంటకే నిలువునా లేవడం.

ఆషాఢం రెండో వారం.
నేను పర్లాకిమిడిలో పడుకున్నాను.
రాత్రంతా ఒకటే వాన.
పొద్దున్న లాగ్ తెరిస్తే
పదకొండూ పన్నెండుకి ఒకటి.
అంతే. తర్వాత తెల్ల కాగితం.
వంశధార ఆ కాగితం చదవలేదు,
రెల్లు దుబ్బులు దాటి బెండ చేలలోకి వచ్చేసింది.

బస్సు దిగి బురదలో నడిచి వెళితే
దండాసి సిగ్నల్ దీపం అద్దం తుడుస్తున్నాడు.
"ఒకటేటమ్మా?
రాత్రల్లా గొట్టంలోంచి టక్కు టక్కుమంటే
కన్ను ముయ్యనేదు నాను.
మూడొందల దాకా లెక్కెట్టి మానీసినాను."

సిగ్గుతో లాప్‌టాప్ తెరిచాను.
తప్పు దొరకలేదు.
ఇంతలో గుణుపురం బండికి ఫోను.
లేచాడు, గేటు దించాడు, నంబరు చెప్పాడు.
బండి పోయింది, గేటు ఎత్తాడు,
మళ్ళీ ఫోను తీశాడు.
"ఇంకెవరికి?" అన్నాను.
"టేసనుకి. గేటు తెరిసీసినానని సెప్పొద్దా?
నాను సెప్పకపోతే ఆలకెలాగ తెలుస్తాది,
ఇంకో బండికి నన్ను లేపొచ్చని?"

ఆ మాట నాలో
దొప్పలా ఒరిగింది.

తలుపు మూసింది కెర్నెల్.
తియ్యమని నేను చెప్పలేదు.
మొదటి టక్కుకే గడియ పడిపోయి
మిగతా వానంతా
బయట తడుస్తూ నిలబడింది.

ఒక్క వరుస. పని అయ్యాక
అదే ఫైల్లోకి తిరిగి ఒకటి రాయాలి.
అతని ముక్కాలి పీట మీద కూర్చుని
రాశాను. స్లాబెక్కి
చెంబుతో నీళ్ళు పోశాను. ఒకటి, రెండు, మూడు,
దండాసి కింద నుంచి
"సాల్లెమ్మా, మంచం తడిసిపోతంది."

శ్రావణంలో మరో పెద్ద వాన.
నా లెక్క రెండొందల తొమ్మిది.
అతను తలుపు మీద సుద్దతో గీసినవి
రెండొందల పన్నెండు.
నా ప్రోగ్రాం కార్డు మీద రాసుకుంటున్నంతసేపు
మూసిన తలుపుకి రెండు వచ్చి తట్టినా
ఒకటిగానే గుర్తుంటుంది.
"అయితే నీదే సరైంది" అన్నాను.
కాసేపు సుద్దగీతల్ని చూశాడు.
"ఏటో. నడిమిని గూడ్సొకటి ఎల్లింది కదా,
అది దాటేదాకా నాకేటీ ఇనబడనేదు."

రెండు లెక్కలూ నోటుబుక్కులో రాసుకున్నాను.