నాడె ఏడున్నది

కొత్తవాడల మా సంఘానికి మొదలు
కానూన్ లేదు, గొంతే ఉండేది.
బూర సాంబయ్య దగ్గితే సగం తీర్మానం,
బల్ల గుద్దితే మిగతా సగం.
నూలు బేళ్ల మీద కూసొని నేను రాసుకునేది
ఎవలు ఎక్కువ అరిచిన్రో అదే.

కుసుమ మొగిలమ్మ మూడు మీటింగులు
చెయ్యి లేపింది. కండెలు చుట్టే చెయ్యి,
ఎవలకూ కనవడలే.
నాలుగోసారి ఎవలతోని మాట్లాడకుండ
మగ్గం మీంచి నాడె పట్టుకొచ్చి
చాయ్ గిలాసల నడుమ పెట్టింది:
"ఇది అటు నుంచి ఇటు ఒక్కటే వస్తది.
రెండు దిక్కుల నుంచి ఒక్కపారి ఇసిరితే
జంపఖానా గాదు, చిక్కు."

ఎవలో నవ్విన్రు. ఎవలో నాడె తీసుకున్నరు.
ఆ పొద్దు నుంచి అది చేతిల ఉన్నోళ్లదే మాట.

తర్వాత ఒక్కొక్కటే పుట్టినయి, దెబ్బలు తగిలినంక.
ఒక్కలంటే ముచ్చట,
"నేను గూడ" అని ఇంకొకలు లేస్తెనే పద్దు.
సాంబయ్యకు కోపమొస్తె అందరం గడియారం దిక్కు చూడాలె.
ఇది రాయలేదు గని పాటించినం.

కండెల కూలి పెంచాలన్న మొగిలమ్మ మాటకు
తొమ్మిది చేతులు. వద్దన్నయి పదకొండు.
నేను కలం మూస్తున్న.
"రాయి," అన్నది.
ఓడింది కద అక్కా?
"ఓడినట్టే రాయి. అడిగినట్టు గూడ రాయి."

వచ్చే నెల. వాన, రేకుల చప్పుడు.
పోయిన మీటింగు సంగతులు ముందుగాల చదవాలె,
అది అప్పటికి కొత్త రూలు.
గొంతు పెంచి చదివిన. మొదటి పేరు ఆమెదే.
సాంబయ్య నోరు తెరిచిండు,
చుట్టూ చూసిండు,
నాడె ఏడున్నదని అడిగిండు.