ఎన్ని ఫీట్లు

హాలియా బస్టాండు వెనక మా వైండింగ్ షాపు.
కాలిన వార్నిష్ వాసన సద్దిగిన్నెలకు కూడ వస్తది.
దూలానికి కట్టిన జీఐ తీగ మీద చీటీలు:
మోటరు ఎవరిది, ఎన్ని హెచ్‌పీ, ఎన్ని ఫీట్లు.
పెద్దవూర లచ్చయ్య, ఐదు, నాలుగు వందల ఇరవై.
నిడమనూరు, పేరు తడిసి చెరిగింది, ఏడున్నర, ఆరు వందల పది.
ఏ రైతొచ్చినా ఉస్తాద్ లాల్‌మియా మొదటి మాట
ఎన్ని ఫీట్లు?

నా మోటరుకు చీటీ లేదు.
నిమ్మకాయంత కూడ లేదు అది.
మూడు తీగలు, పద్నాలుగు అయస్కాంతాలు.
పెండ్లి వీడియో తీసే పిలగాడు
షామియానాకు గుద్దుకున్న డ్రోన్‌ది.
నాలుగింట్ల రెండు బతికినయ్.

సప్లై కొనే పైసలు లేవు.
మూతబడ్డ నెట్ సెంటర్ కంప్యూటర్ డబ్బా విప్పిన.
ఆకుపచ్చ తీగను నల్ల తీగతోని
పిన్నీసు పెట్టి కలిపితే
లోపలి ఫ్యాను దుమ్ము తుమ్మి లేచింది.
పసుపు తీగల పన్నెండు వోల్టులు.
నడుమ ట్రాక్టర్ హెడ్‌లైట్ బల్బు.
ఎక్కడన్న షార్టుంటే బల్బు మండుతది, మోటరు మిగులుతది.
ఇది ఉస్తాద్ నేర్పిందే.
"ముందు దీపాన్ని అడుగు, తర్వాత స్విచ్చెయ్యి" అంటడు.

బల్బు ఒక్కసారి మిణుక్కుమని ఆరింది. మంచిదే.
మోటరు మూడుసార్లు కూసింది,
గంప కింది కోడిపిల్ల లెక్క.
బల్బు తీసేసిన.

బత్తాయి షావుకారు తూకం మిషను
గంటల ఇస్తనని తెచ్చిన.
దాని మీద చెక్క, చెక్కకు మోటరు,
రెక్కను తలకిందులు బిగించిన,
గాలిని పైకి కొట్టి చెక్కను కిందికి నొక్కేటట్టు.
ఎంత నొక్కితే అంత లేపుతదని లెక్క.

గుండీ తిప్పిన. నూట పది. రెండొందల నలభై.
సగం దాటంగనే డబ్బా టక్కున సచ్చిపోయింది.
మళ్ల. మళ్ల సగం కాడ్నే.
ఐదోసారికి ఏడుపొచ్చింది, అబద్ధమెందుకు.

ఉస్తాద్ బీడీ ఆర్పి లేచిండు.
"ఊపిరి సాలనోన్ని ఉరికిస్తే పడిపోడా?"
డబ్బా పక్కకు జరిపి
మూలకున్న ఆటో బ్యాటరీ ఈడ్చుకొచ్చిండు,
కొనలకు పట్టిన ఉప్పును గోరుతోనే గీకిండు.

మూడొందలు.
నాలుగు వందల ఎనభై.
ఆరు వందల పన్నెండు గ్రాములు.
తీగ మీది చీటీలన్ని
ఒక్కపారే లేసినయ్.
పెద్దవూర, నిడమనూరు, పేరు చెరిగినోళ్లు,
నీళ్లు తగలని అడుగులన్ని పోయి
రేకులకు తగిలినయ్.

నలభై ఏండ్లు మోటర్లను కిందికే దించిన మనిషి
తలెత్తి అట్లనే నిలబడ్డడు.
తర్వాత గల్లాపెట్టెల నుంచి కొత్త చీటీ తీసి
పెన్సిల్ నాలికకు తడిపి
నా పేరు రాసిండు. హెచ్‌పీ కాడ గీత గీసిండు.
"కమిలీ, ఇది ఎన్ని ఫీట్లు?"

నాకింకా తెల్వదు.
బయట షావుకారు పిలగాడు షట్టర్ బాదుతున్నడు,
లారీ వచ్చింది, తూకమియ్యమని.